ఏ బాయి మీది?

పోయిన నెల చాలా ఏళ్ళ తర్వాత అమెరికాలోని ఫెయిర్‌మాంట్ వెళ్ళాను. ఊళ్ళోకి దిగే దారిలో రైలు గేటు పడింది. వాన అప్పుడే వెలిసింది. ముందు గూడ్సు బండి మెల్లగా కదులుతోంది. గాలి కోసం కారు అద్దం దించానో లేదో, తడిసిన బొగ్గు వాసన గుప్పున లోపలికి వచ్చింది.

ఆ వాసన ఎరగనివాళ్ళకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. తొలకరి మట్టి వాసనలా హాయిగా ఉండదు. తుప్పు పట్టిన ఇనుము, కాస్త గంధకం, పాత గోనెసంచి, అన్నీ కలిసినట్టుంటుంది. మా ఇల్లందు క్వార్టర్ వెనక, దడి పక్కన, పొయ్యిలోకని పోసుకున్న బొగ్గు కుప్ప ఉండేది. మొదటి వాన చినుకులు దాని మీద పడగానే అమ్మ పరుగెత్తి రేకు కప్పేది. అప్పటికే ఇల్లంతా ఈ వాసన నిండిపోయేది.

వెనక కారు హారన్ కొడితే గానీ గేటు లేచిందని తెలియలేదు.

*

మాది బొగ్గు ఊరు. ఇల్లందుకి పాతవాళ్ళు వాడే పేరే బొగ్గుట్ట. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి బొగ్గును గుర్తించాడని బడిలో చెప్పేవారు. ఆయన పేరు మీదే ఒక బొగ్గు పొరకి కింగ్ సీమ్ అని పేరు. దాని జతగా క్వీన్ సీమ్ కూడా ఉంది. చిన్నప్పుడు నాయన, ఆయన దోస్తులు "కింగ్‌ల పని, క్వీన్‌ల పని" అని మాట్లాడుకుంటుంటే భూమి కింద నిజంగానే ఒక రాజు, రాణి ఉన్నారని నమ్మేదాన్ని.

మా రోజు మూడు సైరన్ల మధ్య నడిచేది. గడియారం ఉన్నా ఎవరూ చూసేవాళ్ళు కాదు. సాయంత్రం ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేసి పెట్టేవాళ్ళు. పొగంతా పోయి నిప్పులు కణకణలాడాకే లోపలికి తీసుకుపోవాలి. ఆ గంటసేపు కాలనీ వీధి ఆ చివర నుంచి ఈ చివర కనపడేది కాదు. ఆ పొగలోంచి రెండో షిఫ్టుకి పోయేవాళ్ళ సైకిల్ గంటలు మాత్రం వినబడేవి.

మా దగ్గర గనిని గని అనరు, బాయి అంటారు. బాయి పని, బాయి దిగుడు, బాయి కాడ. కొత్తగా ఎవరైనా పరిచయమైతే ఊరు, కులం అడగడానికి ముందే వచ్చే ప్రశ్న ఒకటే. "ఏ బాయి మీది?" నా చిన్నప్పుడు దానికి నా జవాబు "ఇరవై ఒకటి". అంటే 21 ఇంక్లైన్, ఏటవాలుగా దిగే బాయి. అంతకు మించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

*

చదువైపోయి నేను మొదటి ఉద్యోగానికి వచ్చి పడ్డది వెస్ట్ వర్జీనియాలోని ఈ ఫెయిర్‌మాంట్‌లో. హైవే పక్కన టెక్నాలజీ పార్కులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఉద్యోగం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఊరి గురించే చాలా ఉంది.

అపలాచియన్ కొండల్లో చిన్న పట్నం అది. టైగార్ట్ వ్యాలీ, వెస్ట్ ఫోర్క్ అనే రెండు నదులు అక్కడ కలిసి మొనాంగహేలా అవుతాయి. ఆ నది ఉత్తరంగా పారి పిట్స్‌బర్గ్ చేరుతుంది. వీధులన్నీ నిట్రంగా ఉంటాయి. ఇళ్ళు కొండకు అతుక్కుని మెట్లు మెట్లుగా ఉంటాయి. ఊరి నడుమ కాంక్రీటు కమానుల పెద్ద వంతెన ఒకటి ఉంది. 1921లో కట్టడం పూర్తయింది. దాన్ని అందరూ మిలియన్ డాలర్ బ్రిడ్జి అనే అంటారు.

మొదటి చలికాలం ఆదివారాలు గడవడం కష్టంగా ఉండేది. తెలుగు మాట వినాలంటే ఇంటికి ఫోన్ చేయాల్సిందే. అందుకని నడిచేదాన్ని. అలా నడుస్తుంటే కళ్ళబడ్డాయి ఆ బోర్డులు. రోడ్డు పక్కన ఇనుప స్తంభం మీద తెల్లటి లోహపు పలక, దాని మీద పోతపోసిన నల్లటి అక్షరాలు, నెత్తిన గుండ్రటి రాష్ట్ర ముద్ర. హిస్టారికల్ మార్కర్లు అంటారు. 1930ల్లో, ఆర్థిక మాంద్యం కాలంలో, పనుల్లేని రోజుల్లో కేంద్ర ప్రభుత్వపు సహాయ నిధులతో ఆ రాష్ట్రం మొదలుపెట్టిన పని అది. ఇప్పటికీ కొత్తవి పాతుతూనే ఉన్నారు.

ఒక్కోదాంట్లో నాలుగైదు వాక్యాలే ఉంటాయి. పాత టెలిగ్రాం చదివినట్టుంటుంది. నిలబడి చదవడం అలవాటైంది. 1820లో ఈ ఊరి పేరు మిడిల్‌టౌన్ అనీ, 1843లో ఫెయిర్‌మాంట్ అయిందనీ, అంతర్యుద్ధం రోజుల్లో వర్జీనియా నుంచి ఈ రాష్ట్రం విడిపోవడానికి ముందు నిలబడిన ఫ్రాన్సిస్ పియర్‌పాంట్ ఈ ఊరివాడేననీ, ఇక్కడి వుడ్‌లాన్ శ్మశానంలోనే ఉన్నాడనీ అలాగే తెలిసింది. ఆఫీసులో చాలామంది ఆ బోర్డుల పక్క నుంచే రోజూ కార్లలో పోతారు, ఏం రాసుందో తెలియదు. అందులో వింతేమీ లేదు. మా ఇల్లందు బస్టాండులో ఏం రాసుండేదో నాకూ గుర్తు లేదు.

*

నేనుండే వీధిలో పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఒంటరి మనిషి. రోజంతా ముందు వరండాలో చెక్క ఊగుడు కుర్చీలో కూర్చునేవాడు. మంచు కురిసిన పొద్దున నేను పార చేతపట్టుకుని తెల్లమొహం వేస్తే, మాట్లాడకుండా వచ్చి నా కారు చుట్టూ మంచు తీసి పోయేవాడు. పార పట్టుకునే తీరు చూసే నాకు అర్థమైంది. మోకాలు పారకి ఆనించి, నడుము వంచకుండా, తొడ బలంతో తోస్తాడు. నాయనా అంతే.

ఒకరోజు చెప్పాను, మా నాన్న కూడా బొగ్గు గని కార్మికుడే అని. ఆయన కుర్చీ ఊగడం ఆగింది. ఇండియాలో బొగ్గు ఉందా అని అడుగుతాడేమో అనుకున్నాను. చాలామంది అదే అడిగేవాళ్ళు. ఆయన అడగలేదు.

"ఏ గని?" అన్నాడు.

నాకు గొంతు పట్టేసింది. ఇల్లు వదిలాక నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆ తర్వాత ఆ వరండా మెట్లే నా ఆదివారాలు. లోపల్నించి ఆయన తన అన్నం డబ్బా తెచ్చి చూపించాడు. గుండ్రటి అల్యూమినియం డబ్బా, అరలు అరలుగా విడివడుతుంది. అడుగు అర నీళ్ళకి, పై అర తిండికి. నీళ్ళు అడుగున ఎందుకంటే, లోపల చిక్కుకుపోతే రొట్టె లేకపోయినా బతకొచ్చు, నీళ్ళు లేకపోతే బతకలేరు. ఆ డబ్బాలో ఆయన రోజూ తీసుకెళ్ళింది పెప్పరోని రోల్. మెత్తటి బన్ను లోపల మాంసం ముక్కలు పెట్టి కాలుస్తారు. గిన్నె అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు, మసి చేతులతో పట్టుకుని తినేయొచ్చు. ఇటలీ నుంచి వచ్చి కొన్నాళ్ళు గనిలో పనిచేసిన జుసెప్పే ఆర్జిరో అనే ఆయన, ఈ ఊళ్ళోనే బేకరీ పెట్టి, 1927 ప్రాంతంలో దీన్ని అమ్మడం మొదలుపెట్టాడట. అమ్మ నాయనకి కట్టిచ్చిన సద్ది గుర్తొచ్చింది. పచ్చడి ముద్దలు, ఒక ఉల్లిపాయ. అక్కడా గిన్నెలుండవు.

ఫార్మింగ్టన్ గురించి మాత్రం ఆయన ఒక్కసారే చెప్పాడు. 1968 నవంబర్ 20, తెల్లవారక ముందే, కొన్ని మైళ్ళ అవతల గనిలో పేలుడు. లోపల 99 మంది. 21 మంది బయటపడ్డారు. మిగతా 78 మంది రాలేదు. మంటలు ఆరక, పది రోజుల తర్వాత గాలి ఆడకుండా గని మూతులు మూసేశారు. తర్వాత ఏళ్ళ తరబడి వెతికినా 19 మంది దొరకనే లేదు. ఆ మరుసటి ఏడు దేశమంతటికీ గట్టి గని భద్రతా చట్టం వచ్చింది. ఆ పొద్దున తన ఇంట్లో కిటికీ అద్దాలు కదిలాయని చెప్పి, డబ్బా అరలు ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించి, లోపలికి వెళ్ళిపోయాడు.

*

రెండేళ్ళకి అమ్మానాయనలను పిలిపించుకున్నాను. నాయన అప్పటికే రిటైరయ్యాడు. నయాగరా, న్యూయార్క్ తిప్పి తెచ్చాను. వాటి గురించి ఆయన ఇంటికి పోయాక ఎవరికీ ఏమీ చెప్పలేదని అమ్మ అంటుంది. చెప్పిందంతా పక్కింటి పెద్దాయన గురించేనట.

మొదటి రోజే నాయన ఆ వరండాకి పోయాడు. ఇద్దరి మధ్య ఒక్క మాట భాష లేదు. నేను మధ్యలో కూర్చున్నాను గానీ నాతో పెద్దగా పని పడలేదు. బొగ్గు పొర ఎంత మందం అని నాయన చేత్తో చూపిస్తూ అడిగాడు. పెద్దాయన లేచి నిలబడి, చెయ్యి నెత్తికి పైన ఎత్తాడు. అక్కడి పొర పేరు పిట్స్‌బర్గ్ సీమ్. నాయన కూడా లేచి, మునికాళ్ళ మీద నిలబడి, ఇంకా పైకి ఎత్తాడు. "కింగ్ సీమ్," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

అప్పుడు నాయన తన చేతికర్ర తిప్పి పట్టుకుని వరండా కప్పు మీద ఒక చోట టక్కున కొట్టి, తల పక్కకి వంచి విన్నాడు. రెండు అడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. ఈసారి చప్పుడు డొల్లగా వచ్చింది. పెద్దాయన వెంటనే నాయన భుజం పట్టుకుని ఆ చోటు కింద నుంచి పక్కకి లాగాడు. గనిలో పై రాయి గట్టిగా ఉందో, విడిపడి ఉందో ఇలాగే చూస్తారు. గట్టిగా ఉంటే గంట కొట్టినట్టు, విడిపడితే డప్పు కొట్టినట్టు. ఎక్కడో ఇల్లందులో నేర్చుకున్న ఆ చప్పుడుకి ఇక్కడ ఒక మనిషి ఒళ్ళు అలా కదలడం చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

మొనోంగాకి తీసుకుపోదామా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఫెయిర్‌మాంట్‌కి ఆరేడు మైళ్ళ దూరం, వెస్ట్ ఫోర్క్ ఒడ్డున. చివరికి నాయనే అడిగాడు. పెద్దాయన చెప్పాడట, ఎలా చెప్పాడో నాకు తెలియదు.

అక్కడా అదే తెల్ల బోర్డు. 1907 డిసెంబర్ 6, పొద్దున పదిన్నర ప్రాంతంలో, 6, 8 నంబర్ల గనుల్లో పేలుడు. అమెరికాలో అంతకంటే పెద్ద గని ప్రమాదం ముందూ లేదు, తర్వాతా లేదు. నేను చదివి తెలుగులో చెబుతుంటే నాయన వినడం లేదు. బోర్డు నెత్తి మీద ఉన్న గుండ్రటి ముద్రనే చూస్తున్నాడు. నేను అంతకు ముందు నలభై బోర్డులు చదివి ఉంటాను, ఆ ముద్రను ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

"వీడెవడు బిడ్డా?" అన్నాడు.

చూశాను. నడుమ ఒక బండరాయి. ఒక పక్క గొడ్డలి పట్టుకున్న రైతు. ఇంకో పక్క భుజాన పికాసు వేసుకున్న గని కార్మికుడు.

"బాయి మనిషే నాయనా."

"సర్కారు ముద్రల బాయి మనిషిని పెట్టుకున్నరా!" అని, అందినంత వరకూ చెయ్యి చాపాడు. వేళ్ళ కొసలు ఆ పికాసుకి తగిలాయి. ఆయన వేళ్ళ సందుల్లో బొగ్గు గీతలు నీలంగా ఉండేవి, పచ్చబొట్టులా. రిటైరయ్యాక కూడా పోలేదు.

తర్వాత అడిగాడు, ఎంతమంది పోయారని. అధికారిక లెక్క 362 అని చెప్పాను.

"బత్తులు లెక్కబెట్టిన్రా?"

మా దగ్గర బాయి దిగేవాడు బత్తి గదిలో తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం అప్పజెప్పి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక కొక్కేనికి ఇంకా బిళ్ళ వేలాడుతుందంటే, ఆ మనిషి కిందే ఉన్నాడు. నాయనకి లెక్క అంటే అదే. మొనోంగాలో అలాంటి లెక్క లేదని చెప్పాను. పేరు రాయించుకున్న కార్మికుడు తన వెంట పేరు లేని సహాయకులను తీసుకుపోయేవాడు. తమ్ముణ్ణి, కొడుకుని, నిన్నే ఓడ దిగిన ఊరివాణ్ణి. ఇటలీ, పోలండ్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు. 500 దాటి ఉంటారని ఎవెరెట్ బ్రిగ్స్ అనే అక్కడి ఫాదర్ బతికినన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాడు. నాయన చాలాసేపు ఏమీ అనలేదు. "అయితే ఇది పేరున్నోళ్ళ లెక్క," అన్నాడు.

ఊరి మధ్యలో పాలరాతి విగ్రహం ఒకటి ఉంది. గనిలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళ కోసం, దుర్ఘటనకి నూరేళ్ళు నిండిన 2007లో పెట్టారు. అదే ఏడు ఇటలీలోని మొలీజే ప్రాంతం వాళ్ళు ఒక గంట పంపారు. చనిపోయినవాళ్ళలో చాలామంది అక్కడి పల్లెల వాళ్ళు. ఆ విగ్రహం దగ్గర అమ్మకి కతెరీనా దావియా కథ చెప్పాను. ఆమె భర్త శవం దొరకలేదు. ఆమె రోజూ గని దగ్గరికి నడిచి పోయి, ఒక మూట బొగ్గు మోసుకొచ్చి, ఇంటి పక్కన పోసేది. పొయ్యిలో వేసుకోలేదు, అమ్ముకోలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు అలా పోస్తే గుట్ట అయిందని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఎందుకని అడిగితే, భర్త మీద పడ్డ బరువు కొంచెమైనా తగ్గిద్దామని అందట.

అమ్మ అక్కడే అరుగు మీద కూర్చుండిపోయింది.

నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం టైం కాని టైంలో సైరన్ మోగింది. కాలనీ ఆడవాళ్ళంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి బాయి వైపు పరుగెత్తారు. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోతున్నాయి. అమ్మ ఒక చేత్తో నన్ను లాక్కుంటూ, చంకన తమ్ముణ్ణి పెట్టుకుని, చెప్పుల్లేకుండా ఉరికింది. గేటు దగ్గర ఎవరూ ఏడవలేదు, అది నాకు బాగా గుర్తు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బయటికి వచ్చే ప్రతి నల్లటి మొహాన్నీ చూస్తూ నిలబడ్డారు. నల్లగా ఉన్నప్పుడు అందరూ ఒకేలా ఉంటారు. నడక చూసి పోల్చుకోవాలి. ఆ రోజు అందరూ క్షేమంగానే వచ్చారు. నాయన నడక కనపడగానే అమ్మ నా చెయ్యి వదిలి, ఆయనతో ఒక్క మాట మాట్లాడకుండా, వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది.

మొనోంగాలో ఆ అరుగు మీద కూర్చుని అమ్మ అన్నది ఒక్కటే మాట. "ఒక్క మూట కాదు, నేనైతే రెండు మోసేదాన్ని."

*

జూన్ మూడో ఆదివారం వస్తే ఫోన్ల నిండా ఫాదర్స్ డే శుభాకాంక్షలు తిరుగుతాయి. ఇవన్నీ గ్రీటింగ్ కార్డులు అమ్ముకునేవాళ్ళ పండగలు, మనకెందుకు అనేవాళ్ళు మా చుట్టాల్లోనూ ఉన్నారు. వాళ్ళతో నేను వాదిస్తాను. ఫెయిర్‌మాంట్‌లో చర్చి దగ్గర ఆ తెల్ల బోర్డు చదివినదాన్ని కాబట్టి.

మొనోంగా పేలుడులో దాదాపు వెయ్యి మంది పిల్లలకు తండ్రి లేకుండా పోయాడని అప్పట్లో లెక్క చెప్పారు. ఫెయిర్‌మాంట్‌లో గ్రేస్ గోల్డెన్ క్లేటన్ అనే ఆమెకి తన తండ్రి కూడా పోయి ఉన్నాడు. తండ్రుల కోసం ఒక ప్రార్థన జరిపించమని తన చర్చి పాస్టర్‌ను అడిగింది. 1908 జూలై 5న జరిగింది. అంతకు రెండు నెలల ముందే పక్క ఊరు గ్రాఫ్టన్‌లో, అదే ఏడు మే 10న, మొదటి మదర్స్ డే ప్రార్థన జరిగింది. ముందు రోజు జూలై 4 సంబరాల హోరులో ఈ తండ్రుల ప్రార్థనను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఊరు కూడా దాన్ని మళ్ళీ చాలా ఏళ్ళు జరపలేదు. 1910లో దూరాన స్పోకేన్ నగరంలో సొనోరా స్మార్ట్ డాడ్ జరిపిందే దేశానికి తెలిసింది. 1972లో అది అధికారిక పండగ అయింది. పేరు ఎవరికి దక్కినా, మొదట తలుచుకున్నది బాయిలోంచి రాని నాయనలను. ఆ రోజు నేను నాయన ఫోటోకి దండ వేస్తాను.

*

పెద్దాయన పోయాడని నాకు తెలుసు. ఆయన ఇల్లు చూద్దామనే ఈసారి వెళ్ళాను. వరండా కప్పు కొత్తగా వేశారు, కుర్చీ లేదు. ఎవరో చిన్న పిల్లల సైకిళ్ళు ఉన్నాయి. దిగకుండా మొనోంగా వైపు పోనిచ్చాను.

బోర్డు తడిసి మెరుస్తోంది. నాయన అందుకున్నట్టే చెయ్యి చాపాను. నాకు అందలేదు, నాయన పొడగరి. పర్సులోంచి ఆయన బత్తి బిళ్ళ తీసి పట్టుకుని కాసేపు నిలబడ్డాను. రిటైరైన రోజు అడిగి తెచ్చుకున్నాడు దాన్ని. ఆయన పోయాక అమ్మ నాకు ఇచ్చింది. రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది, నంబరు సగం అరిగిపోయింది.

కుక్కను తిప్పుతూ ఒక ముసలామె అటు వచ్చింది. నా చేతిలో బిళ్ళ చూసి ఆగింది. అదేమిటో ఆమెకి చెప్పనక్కర్లేకపోయింది. "మీ నాన్నదా?" అంది. అవునన్నాను.

"ఏ గని?"

"ఇరవై ఒకటి ఇంక్లైన్. ఇల్లందు."

ఆమె ఆ పేరు తెలిసినట్టే తలూపింది.